ముందుకు జరిగి కూర్చునే మనిషి

“వెనక్కి జరగండి పెద్దాయనా! హ్యాండిల్ మీదెక్కి కూర్చుంటారా ఏంటి?” అని కేకేశాడు హాల్వార్.

ఇస్సాత్ వినిపించుకోలేదు. మంచు మీద స్కూటర్ని గిర్రున తిప్పి తెచ్చి హాల్వార్ కాళ్ల ముందు ఆపాడు.

నార్వే ఉత్తరపు కొసనున్న ఫిన్‌మార్క్‌లో మంచుబండిని అందరూ స్కూటరనే అంటారు. డెబ్బై దాటినవాళ్లు సరస్సు దారిలో దాన్ని నడపాలంటే ముందు పరీక్షకు రావాలని ఆ ఏడాదే ఊరి సంఘం కొత్త నిబంధన పెట్టింది. పరీక్ష పెట్టేవాడు హాల్వార్. దక్షిణాది నుంచి వచ్చి రెండు చలికాలాలే అయింది కాని, బండి నడిపే నియమాల పుస్తకం మొత్తం కంఠతా వచ్చు.

“సీటు మధ్యలో కూర్చోవాలి. నడుము నిటారుగా, మోచేతులు వదులుగా. మీలాగా కూర్చుంటే మణికట్లు నొప్పెట్టవూ?”

“నొప్పెడతాయి బాబూ.”

“నడుమో?”

“అదీ నొప్పెడుతుంది.”

“మరెందుకలా?”

“వెనక చోటుండాలి గదా.”

“వెనక ఎవరూ లేరే!”

“ఇప్పుడు లేరనుకో,” అన్నాడు ఇస్సాత్, మీసాల మీది మంచు తుడుచుకుంటూ.

“డెబ్బై నాలుగేళ్లకి పెళ్లికూతుర్ని వెతుక్కుంటున్నారా ఏంటి?” అని నవ్వాడు హాల్వార్.

ముసలాయన కూడా నవ్వాడు.

తర్వాత కొండవాలు. ఒక మోకాలు సీటు మీద ఆనించి, రెండో పాదం పక్కపలక మీద పెట్టి, ఒళ్లంతా కొండవైపు వాల్చి దాటాడు ఇస్సాత్. గతుకులొచ్చిన చోట లేచి నిలబడ్డాడు. బండి గీత గీసినట్టు పోయింది. ఆ సంగతి రాయడానికి హాల్వార్ కాగితంలో గడి లేదు. ‘కూర్చునే తీరు తప్పు, మూడుసార్లు’ అని రాసుకున్నాడు.

“వచ్చే చలికాలం మళ్లీ రండి. అందాకా సరస్సు దారిలో స్కూటరెక్కొద్దు.”

“సరే బాబూ,” అన్నాడు ఇస్సాత్. తాళంచెవి జేబులో వేసుకుని నడుచుకుంటూ ఇంటికెళ్లాడు.

వాదనకు సిద్ధపడి ఉన్న హాల్వార్‌కి అది కాస్త వెలితిగా అనిపించింది.

తొమ్మిది రోజుల తర్వాత, సరస్సు మధ్యలో ఉండగా హాల్వార్‌ని మంచుతుపాను పట్టుకుంది. స్కూటర్ చాటున రెండు గంటలు ముడుచుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నానికి గాలి ఆగింది. కొంత దూరం పోయేసరికి అవతలి ఒడ్డు ఊళ్లకు ఉత్తరాలు పంచే రిస్తెన్ కనిపించింది. మంచు కింద ఊరిన నీళ్లలో ఆమె స్కూటర్ సగం మునిగిపోయి ఉంది. ఆమె మోకాళ్లదాకా తడిసింది.

“ఎక్కు, ఎక్కు,” అన్నాడు హాల్వార్.

పుస్తకంలో ఉన్నట్టే సీటు మధ్యలో కూర్చున్నాడు. రిస్తెన్ వెనకెక్కింది. బండి ముందుభాగం తేలిపోయింది. అతను ఎడమకు తిప్పాడు, బండి తిరగలేదు. తిన్నగా పోయి దారి పక్కనున్న చిన్న దీవి వాలు ఎక్కి, తీరిగ్గా పక్కకు దొర్లింది. ముందు చక్రాలకు బదులుండే స్కీ పలకల్లో ఒకటి రాతికి తగిలి విరిగింది.

“ముందుకు జరుగుతావేమో అనుకున్నా,” అంది రిస్తెన్ మంచులోంచి లేస్తూ. “వెనక మనిషుంటే బరువంతా వెనక్కొచ్చేస్తుందిగా. స్కీలు దారిని పట్టుకోవద్దూ?”

“ఎప్పుడూ ఒక్కణ్ణే నడిపాను,” అన్నాడు హాల్వార్.

ఫోన్లకు సిగ్నల్ లేదు. ఆమె బూట్లు విప్పించి, రెండు పాదాలూ తన చొక్కా లోపల పొట్టకు ఆనించి పెట్టుకున్నాడు. మంచుగడ్డలు పెట్టుకున్నట్టుంది.

“కంగారుపడకు. గాలి ఆగిందిగా, వచ్చేస్తాడు,” అంది రిస్తెన్.

“ఎవరు?”

“ఇంకెవరు, మీ ఊరి ఇస్సాత్ మామ! గాలి ఆగితే చాలు, ఈ కొస నుంచి ఆ కొస దాకా దారంతా చూసుకుంటూ వస్తాడు. నన్నే రెండుసార్లు ఎక్కించుకుపోయాడు. అరగంట, అంతే.”

“ఎవరు పంపుతారు ఆయన్ని?”

“పంపడమేంటి? ముప్పయ్యేళ్లుగా వస్తున్నాడు.”

పరీక్ష సంగతి ఆమెకు తెలియదు. చెప్పాలని హాల్వార్ నోరు తెరిచాడు. కాని సిగ్గేసి, చొక్కా లోపలున్న ఆమె పాదాల్ని ఇంకాస్త గట్టిగా పొట్టకు అదుముకున్నాడు.

అరగంట గడిచింది. గంట గడిచింది. రిస్తెన్ కబుర్లు మానేసింది. రెండో గంటలో, ఎడమకాలి వేళ్లు ఉన్నట్టే తెలియడం లేదంది. కాసేపాగి, “మామకి ఒంట్లో బాలేదేమో పాపం,” అంది.

హాల్వార్‌కి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చలికి అనుకుంది ఆమె.

నాలుగో గంటలో తెల్లటి దారి మీద నల్లటి చుక్క కనిపించింది. ఇంజను చప్పుడు లేదు. కాళ్లకు స్కీలు కట్టుకుని, నడుముకు బిగించిన తాళ్లతో చిన్న జారుడుబండిని ఈడ్చుకుంటూ వస్తున్నాడు ఇస్సాత్. ఊరి నుంచి అక్కడికి పద్దెనిమిది కిలోమీటర్లు.

వచ్చీరాగానే వంగి రిస్తెన్ వేళ్లు చూశాడు. తెల్లగా మైనంలా ఉన్నాయి. రెండు వేళ్లు దక్కవని ముగ్గురికీ తెలుసు. రెయిన్‌డీర్ చర్మంలో ఆమెను చుట్టి, బండి మీద పడుకోబెట్టి, ఫ్లాస్కులోంచి వేడి కాఫీ పోసిచ్చాడు.

“ఇంత ఆలస్యమైందేం మామా? స్కూటరేది?” అని అడిగింది రిస్తెన్.

హాల్వార్ తల దించుకున్నాడు.

“చెడిపోయిందమ్మా. ముందే చూసుకోవాల్సింది, తప్పు నాదే,” అంటూ ఇస్సాత్ నడుముకున్న తాళ్లలో ఒకటి విప్పి హాల్వార్ చేతికి అందించాడు.