కొత్త టైర్ల పట్టు

జీపు మళ్ళీ మిట్ట మధ్యలోనే ఆగింది.

ఇల్లేమో మిట్ట చివర. ఆమె ఒళ్ళో చంటిపిల్ల. ఇంజను ఓసారి దగ్గి ఊరుకుంది.

జీపు జానెడు వెనక్కి జారి, టక్కున నిలబడిపోయింది.

"చూశావా? అదీ కొత్త టైర్ల పట్టంటే" అన్నాడు భర్త.

ఆమెకు ఒళ్ళు మండింది. పాత టైర్లయితే బండి మిట్ట మధ్యలో అసలు ఆగేదే కాదు.

పెద్ద టైర్లు బిగించిన రోజే మెకానిక్ చెప్పాడు, వీటిని తిప్పడం ఇంజనుకు భారమని, ఇరుసులో గేర్లు కూడా మార్పిస్తేనే మిట్టలెక్కుతుందని. బండి కొన్నాళ్ళు షెడ్డులో వదలమన్నాడు.

అప్పట్నుంచీ ఇంట్లో అదే రామాయణం. పొద్దున మార్పిద్దామంటాడు. సాయంత్రానికి ఎవరో వద్దన్నారంటాడు. చివరికి, జారని బండికి గేర్లెందుకని తేల్చాడు.

"పెళ్ళికి కూడా ఇంత ఆలోచించలేదు మీరు."

"అందుకే ఇప్పుడు ఆలోచిస్తున్నా."

ఇది చాలదన్నట్టు ఆ ముసలాయనొకడు.

మిట్ట కింద టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఉంటాడు. జీపు కనబడగానే సంచి పట్టుకుని లేచి వెనకే నడుస్తాడు. నత్తలా ఎక్కే బండిని అందుకోవడం ఎంతసేపు? బండి ఆగితే తనూ ఆగుతాడు. చెప్పు సర్దుకుంటున్నట్టు వంగుతాడు. కదిలాక మళ్ళీ వంగి లేస్తాడు. ఇంటి గేటు దాకా వచ్చి, మాటా పలుకూ లేకుండా మిట్ట దిగిపోతాడు.

అద్దంలో ఆయన కనబడ్డప్పుడల్లా ఆమెకు భయం. పిల్లనెత్తుకుపోయేవాడేమోనని ఓ రోజు, చక్రాల దగ్గర ఏదో పీకుతున్నాడేమోనని ఇంకో రోజు.

ఆ రోజు ఇక ఉండబట్టలేక, వెళ్ళి అడగమని భర్తను పోరింది.

"ఏం పెద్దాయనా, రోజూ మా వెంట పడతావేం?"

"బండి పైకెక్కేదాకానే బాబూ. చంటిపిల్ల ఉంది కదా."

"మా పిల్ల సంగతి మేం చూసుకుంటాం. మా బండి అవస్థ నీకు వినోదంగా ఉందా?"

ముసలాయన ఆమె వైపు చూశాడు. ఆమె పిల్ల మొహానికి చెయ్యి అడ్డం పెట్టింది.

ఆయన తలూపి దిగిపోయాడు.

మర్నాడు బల్ల ఖాళీ. పీడ విరగడైందనుకుంది.

మిట్ట మధ్యలో ఇంజను దగ్గి ఊరుకుంది.

జీపు జానెడు జారింది. ఆగలేదు.

ఇంజను చస్తే బ్రేకూ సగం చచ్చినట్టే. అతను కాళ్ళు రెండూ బ్రేకు మీద పెట్టి తొక్కినా, ఆ పెద్ద చక్రాలు లెక్కచెయ్యలేదు. మలుపులో ఎవరిదో ప్రహరీ గోడ ఆపింది.

పిల్ల నుదురు బొప్పి కట్టింది. కాసేపు నోరు తెరుచుకుని బిగుసుకుపోయి, అప్పుడు ఏడ్చింది.

అతను ఈసారి ఎవర్నీ అడగలేదు. గేర్లు మార్చమని ఆ సాయంత్రమే బండిని షెడ్డుకు పంపించాడు. పంపిస్తూ కూడా గొణిగాడు, నిన్నటిదాకా ఆగిన బండికి ఈవేళ ఏం రోగమొచ్చిందని.

ఆ 'నిన్నటిదాకా' ఆమె మనసులో ముల్లులా గుచ్చుకుంది.

పిల్లను భుజాన వేసుకుని టీ కొట్టుకు దిగింది. బల్ల మీది పెద్దాయన ఏడని అడిగింది.

పొద్దున్నే గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడని చెప్పింది కొట్టు ఆవిడ. ఎక్కడికో చెప్పలేదట. ఇక్కడ తనకిక పనేం లేదన్నాడట.

"లారీల మీద క్లీనరుగా బతికిన మనిషమ్మా. మిట్టెక్కే బండి వెనక నడవందే ఆయనకు తోచదు. జీపు వాళ్ళొస్తే ఇది ఇమ్మన్నాడు" అని బల్ల కింది నుంచి ఆ సంచి తీసింది.

అందులో చక్రం వెనక ఆనించే ఏటవాలు చెక్క దిమ్మ ఒకటే ఉంది. దాని ముఖం నిండా, ఒకదాని మీద ఒకటిగా, వాళ్ళ కొత్త టైర్ల అచ్చులు.