ఓడ మీంచి పడ్డ కుక్క

"కుక్క కోసం వొచ్చినోళ్లలో మీరు పదకొండోవోరు బాబూ," అంది చిట్టమ్మ, గురునాథరావుకి పీట వాలుస్తూ.

ఓడ మీంచి సముద్రంలో పడితే ఆమె మరిది వల వేసి తీసిన కుక్క అది. సీమజాతిదని తెలిసి ఉక్కునగరం నుంచి కూడా జనం వచ్చి వాకిట్లో వరసకట్టారు.

"ఎందుకిచ్చేస్తున్నావమ్మా?"

"గొప్పోరింట్లో సుకపడతాదని."

"ఏం తింటుంది?"

"గంజన్నమే. నాను తినందే ముట్టదు. మా ఆయన పోయాక నాకు మెతుకు దిగీది కాదు. దీన్ని పస్తుంచలేక రెండు పూటలా తింతన్నాను. ఒట్టి పేచీకోరు బాబూ."

భార్య పోయిన ఈ ఏడాదిలో గురునాథరావు పొయ్యి వెలిగించింది తక్కువ. కుక్క తల ఒకసారి నిమిరి, గొడుగు తీసుకుని బయటికొచ్చాడు.

"కుక్కని ఇచ్చేశారు. ఇక వెళ్లండి," అన్నాడు వరసలో ఉన్నవాళ్లతో.

"ఎవరికండీ?"

"చిట్టమ్మకి."