చివరి సున్నా

"ఆ రిపోర్టు జర రిపేర్ చెయ్యాలె, చెల్లె!" అంది ఫోన్‌లో గొంతు.

ఫోరెన్సిక్ ల్యాబ్‌లో రక్తం నమూనాలు పరీక్షించే నిర్మల, అప్పుడే వచ్చిన రెండు చాయ్‌ల పక్కన ఫోన్ పెట్టి స్పీకర్ నొక్కింది. రాయడానికి చెయ్యి ఖాళీగా ఉండాలి కదా!

"ఏ రిపోర్టన్నా?"

"గదే, కాశిబుగ్గల కారు గుద్దిన కేసు. నడిపినోని రక్తంల మందు నూటా ఎనభై ఉన్నదట గదా. చివరి సున్నా తీసెయ్. పద్దెనిమిదైతది. ముప్పై లోపలుంటే కేసే లేదు. సున్నాకు ఇలువేముంటది చెప్పు?"

ఉంటుంది. ఆ సున్నా పోతే నేతపని చేసే మొగిలయ్యకు మిగిలేది సున్నాయే. కారు కింద పోయింది అతని కాలు. మగ్గం తొక్కే కాలు.

మద్యం కేసుల్లో మధ్యవర్తులకు కొదవ లేదు. నిర్మల 'మెరుగుదల రిజిస్టరు' తెరిచింది.

ఆ రిజిస్టరు క్వాలిటీ చూసే విజయ్‌కుమార్ సార్ సృష్టి. నెలకోసారి అసలు నమూనాల్లో ఒక ఉత్తుత్తి నమూనా కలుపుతాడు. ఎవరెక్కడ తప్పారో అందులో రాయిస్తాడు. పోయిన నెల గొంతు మార్చి, ఎవరో పెద్దమనిషిలా ఫోన్ చేసి దీపను బెదిరించాడు కూడా. దీప పాపం "అట్లనే సార్" అనేసింది. అప్పటినుంచి బయటి ఫోన్ ఏదొచ్చినా అక్షరం పొల్లుపోకుండా రాయాల్సిందే.

"విజయ్‌కుమార్ సార్! గొంతు మస్తు మార్చిన్రు!" అంది నిర్మల.

"ఏ విజయ్‌కుమార్?"

"బెదిరింపే జర తక్కువైంది సార్. దీపకైతే చెమటలు పట్టించిన్రు."

"నకరాలా? నేను ఓంప్రకాశ్‌ను! బిల్డర్ ఓంప్రకాశ్! కారు నడిపింది నా మేనల్లుడు!"

"మేనల్లుడు మంచిగ కుదిరిండు. ఈ నంబర్ ఎవరిది సార్, మీ బామ్మర్దిదా?"

"నాదే! పదేండ్ల సంది ఇదే నంబర్! రాసుకో!"

రాసుకుంది.

"సున్నా తియ్యకుంటే ఏం జేస్తరు?"

"బదులు చెప్పుడు బందువెట్టు, లేకుంటే బదిలీ చేపిస్త!"

"అబ్బ! పోయినసారి కంటే ఎంత ఇంప్రూవ్ అయిన్రు సార్! మళ్లొక్కసారి నిమ్మళంగ చెప్పుండ్రి."

అవతలి మనిషికి తల తీసేసినట్టయింది. తనను పట్టుకుని మిమిక్రీ అంటుందా! హన్మకొండలో తన ఆఫీసు ఎక్కడుందో, ఎవరి చేత బదిలీ చేయిస్తాడో, సున్నాకు బదులు ఏమిస్తాడో గొంతు చించుకుని చెప్పాడు. పేజీ నిండింది.

"ఇప్పుడన్న నమ్ముతవా?"

"నమ్మినా నమ్మకున్నా నూటా ఎనభై నూటా ఎనభయ్యే. మొగిలయ్యకు కాలు మొలిచినంక ఫోన్ చెయ్యి, అప్పుడు తీస్త సున్నా!"

ఫోన్ పెట్టేసి నిర్మల రిజిస్టరును బల్ల అవతలికి జరిపింది. ఇంతసేపూ ఎదురు కుర్చీలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటున్న విజయ్‌కుమార్ సార్, చల్లారిపోయిన తన చాయ్‌ని పక్కకు పెట్టి, సాక్షి గడిలో సంతకం చేశాడు.