పీర్ల పెట్టె

"మొహర్రం దాకా నేను బతకను, ఖాసిం సాబూ," అంటూ జర్మనీ పెద్దాయన పీర్ల పెట్టెను నిమిరాడు. బతుకంతా గ్రీకు, రోమను దేవుళ్ల కథలు చదివినవాడు. మా పీర్లను చూడాలని కోసిగి వచ్చి, మా మాట కూడా నేర్చాడు.

మొహర్రంలో తప్ప ఆ పెట్టె తెరవకూడదు. పీర్లను చూసుకునే ముజావరును నేనే. అయినా జాలేసి తాళం తీశాను.

"చూడు సారూ. ఎవురూ రారులే."

మూత ఎత్తబోతే ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"వద్దప్పా. మా గ్రీకు కథల్లో తెరవద్దన్నవి తెరిచినోళ్లు శానామంది. ఒకరూ బాగుపడల్యా."

"అవి ఉత్త కథలని నువ్వే అంటివే. నువ్వు నమ్మవు కదా?"

"నేను నమ్మను. నువ్వు నమ్ముతాండావే. నేను రేపు పోతా. నువ్వు ఈడనే మొక్కల్ల."

తాళం వేశాను. ఆయన కళ్లు తెరిచాడు. నేను తలెత్తలేదు.