ముందు వరుస వేలు

"అసలు ఆ చట్టం చదివే ఓటేస్తున్నారా?" అని నిలదీశాను.

తార్మో మా విల్యాండి ఊళ్లో ఓట్లడిగి గెలిచి, స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ పార్లమెంటుకొచ్చిన మనిషి. కాఫీ కప్పు దించి నవ్వాడు. "పూటకి వందల ఓట్లండీ, సీరి గారూ. చదువుతూ కూర్చుంటే తెల్లారుతుంది. ముందు వరుసలో మా పార్టీ ఆవిడ బొటనవేలు పైకెత్తితే మేం చేతులెత్తుతాం, కిందికి దించితే లేదు. అంతే."

నాకు ఒళ్లు మండింది. కోర్టు గడప తొక్కకుండానే ఏ వెబ్‌సైటునైనా మూయించే చట్టమది. ఇరవై ఏడు దేశాలకూ వర్తిస్తుంది. నేను నడిపే మా ఊరి వార్తల సైటు మొదటి వారంలోనే పోతుంది.

"మిమ్మల్ని గెలిపించింది ఆవిడా, మేమా?"

ఆయన మొహం చిన్నబోయింది. "సరే, ఒట్టు. ఇవాళ ఆవిడ వైపు చూడను. మీ వైపే చూస్తాను. చాలా?"

సభలో పైనున్న సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నాను. అక్కడ అరవకూడదు, చప్పట్లు కొట్టకూడదు. చట్టాల నంబర్లు గబగబా చదివేస్తున్నారు. ఆ చట్టం వంతు రాగానే ముందుకు వంగాను. తార్మో ముందు వరుస వైపు చూడనేలేదు. తలెత్తి నన్నే చూశాడు. శభాష్, కానివ్వండి అన్నట్టు సైగ చేశాను.

ఆయన చెయ్యి పైకి లేచింది. చట్టం గట్టెక్కింది.

మెట్ల దగ్గర దొరకబుచ్చుకుని కడిగేశాను. "మాటిచ్చి మోసం చేస్తారా? సిగ్గు లేదూ?"

ఆయన తెల్లబోయాడు.

"మోసమేంటండీ! అది ఏ చట్టమో నాకేం తెలుసు? మీ వైపే చూశాను. బొటనవేలు పైకెత్తింది మీరేగా?"