భూతకాలం

ఫ్రెంచి రాత పరీక్షలో ఒక వార్తకు మొదటి వాక్యం వాళ్లే ఇస్తారు, మిగతాది మనం అల్లాలి. ప్రొద్దుటూరులో ఆ పరీక్షకు ట్యూషన్ చెప్పే నాగశ్రీ, హర్షకు ఇలా ఇచ్చింది: "ఒక పెద్దమనిషి గుడి నుంచి ఇంటికి బయల్దేరాడు."

హర్ష గబగబా రాసిచ్చాడు. శనివారం గండి ఆంజనేయస్వామిని దర్శించుకుని వస్తున్న తన 'ఓంక్ల్' నడుపుతున్న బుల్లెట్ బండిని, ఎర్రగుంట్ల దాటినాక నంబరు లేని లారీ ఒకటి గుద్దుతుంది. లారీ ఆగదు. ఆయన బతకడు.

"బాగుందప్పా. అన్నీ భవిష్యత్ కాలంలో రాసినావేంది? వార్తంటే జరిగిపోయింది కదా!"

నాగశ్రీ ఎర్ర పెన్నుతో ఒక్కో క్రియనూ కొట్టేసి పైన భూతకాలం రాసింది. గుద్దింది. ఆగలేదు. బతకలేదు.

"ఈ ఓంక్ల్ మామా, చిన్నాయనా? ఫ్రెంచిలో రెండిటికీ ఒకటే మాట."

"చిన్నాయన, మేడం. భూమి కాడ మా మీద కేసేసినాడే, ఆయన."

నాగశ్రీ నవ్వబోయింది. హర్ష నవ్వలేదు.

"నా పరీక్ష గూడా శనివారమే. హైదరాబాదులో ఆ హాల్లో కెమెరాలుంటాయి గదా, మేడం?"

"ఉంటాయి. ఏం?"

"ఉంటే మంచిది."

ఆమె దిద్దిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ నెమ్మదిగా అన్నాడు.

"మీరు తొందరపడి దిద్దినారు, మేడం. శనివారం ఇంకా రాలేదు."