ఓబులు వాళ్ల నాన్న

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వాగ్దేవి రోజూ ఓబులుతో కబుర్లాడేది. అతను రాజుల సీరియల్లో గుర్రాలు కడిగే చిన్న పాత్ర. సీరియల్ మనుషులు వంటింటి గోడ మీదికొచ్చి మాట్లాడటం ఇప్పుడు అన్ని ఇళ్లలోనూ ఉన్నదే.

"అంత బాగా కత్తి తిప్పేవాడు గుర్రాలవాడి కొడుకెలా అవుతాడు? అది రాజరక్తమే," అని అభిమానుల సంఘంలో పట్టుబట్టింది వాగ్దేవే. ఓటింగులో ఆమె మాటే నెగ్గింది. సీరియల్ తీసే కంపెనీ రాత్రికి రాత్రే అతని పుట్టుక మార్చేసింది.

పొద్దున్నే ఓబులు పట్టుబట్టల్లో కనిపించాడు.

"ఇప్పుడు సంతోషమేనా?" అంది వాగ్దేవి.

"సంతోషమే అక్కా. కత్తి నేర్పిన నాన్న ఒకాయన ఉండేవాడని మాత్రం లీలగా గుర్తు. పేరు చెరిపేశారు. నీకు రోజూ ఆయన గురించే చెప్పేవాణ్ణి కదా, పేరేంటక్కా?"

వాగ్దేవి ఇంకో కాయ అందుకుంది. అతను నాన్న ఊసెత్తినప్పుడల్లా ఆమె రాజవంశపు ఆనవాళ్లు దొరుకుతాయేమోనని వినేది, అంతే. పేరు మీద ధ్యాసే పెట్టలేదు.

"ఉండు, కూర మాడుతోంది," అంది తలెత్తకుండా.

పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.